వెనక్కి తిరిగిన చేప

మంగ పొద్దున్నే కూతురికి నీళ్ళు పోసేటప్పుడు ఆ పిల్ల ఒళ్ళంతా వెతుకుతుంది. ముందు చెవుల వెనక, తర్వాత చంకలు, మోచేతి మడతలు, వేళ్ళ సందులు, ఆపైన జుట్టు పాయలు పాయలుగా విడదీసి మాడు, చివరికి అరికాళ్ళు. ఉమకి రెండేళ్ళు నిండాయి. ఈ తతంగం ఎంత అలవాటైపోయిందంటే, అరికాలి వంతు వచ్చేసరికి అడగకుండానే పాదం ఎత్తి తల్లి మోకాలి మీద పెడుతుంది.

"ఉందేటి?" అరుగు మీద ఎండుచేపలు గంపలోకి సర్దుతూ అడుగుతుంది అత్త రత్నాలమ్మ.

"నేదత్తా."

"ఇయ్యాల కాకపోతే రేపొత్తాది. బేగి కానీ, బండెల్లిపోద్ది."

బారువ స్టేషన్లో పలాస పాసింజరు ఎక్కి, కాశీబుగ్గ మార్కెట్టులో గంప ఖాళీ చేసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావడం మంగ పని. ఆ బండి సుమ్మాదేవిలో ఏదో ఒక ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వడానికి ఆగుతుంది. గంపల వాసన పడనివాళ్ళు ముక్కు మూసుకుని ప్లాట్‌ఫారం మీదకి దిగిపోతారు. మంగ మాత్రం కిటికీ దగ్గరే కూర్చుంటుంది. దాటిపోయేది ఇటునుంచి అటు వెళ్ళే బండి అయితే మొహం తిప్పుకుంటుంది. అటునుంచి వచ్చేదైతే ఆఖరి పెట్టె దాకా చూస్తుంది. మొగుడు ఎల్లాజీ గుజరాత్‌లోని వీరావల్‌కి బోటు పనికి వెళ్ళి రెండేళ్ళయింది, ఆమె రెండేళ్ళుగా అలాగే చూస్తోంది.

ఆమె కూతురి ఒంటిమీద వెతికేది చేప కోసం. మామ అప్పన్న వంశంలో ఒంటిమీద పుట్టే మచ్చ అది. నల్లగా, చిటికెనవేలంత నెత్తళ్ళ చేపలా ఉంటుంది, తలా తోకా రెక్కలతో సహా. మచ్చలు ఎవరికి ఉండవు? కాకపోతే అప్పన్న వాళ్ళది ఒకచోట ఉండదు. ఇవాళ బుగ్గ మీద ఉంటే వచ్చే ఏడు మణికట్టు మీద ఉంటుంది. ఊళ్ళో దాని గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకోరు. ఒకరింట్లో పిల్లికళ్ళు ఉంటాయి, ఒకరింట్లో నత్తి ఉంటుంది, వీళ్ళింట్లో చేప ఉంది.

దానికీ కొన్ని పద్ధతులున్నాయి. ఎప్పుడు ఎక్కడ దిగినా తోకతోనే మొదలవుతుంది. తోక, తర్వాత పొట్ట, తర్వాత మొప్పలు, అలా నాలుగైదు రోజులు పట్టి తల వైపు సాగుతుంది. చాలాసార్లు తల దాకా రానే రాదు. తల రాని చేప ఇక ఎటూ కదల్లేదు, అక్కడే ఉండిపోతుంది. అప్పన్న వీపు మీద అలాంటివి ఏడున్నాయి. వాటి పక్కన నిండు చేప ఒక్కటే ఉంది. ఎల్లాజీకి ఆరో ఏట తొడమీద తలతో సహా నిండు చేప దిగింది. తండ్రిది ఆ రోజు ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. బిడ్డకి నిండుగా చేరితే తండ్రిది తిరుగుడు మానేస్తుందన్నమాట. ఇంకో పద్ధతి కూడా ఉంది గానీ దాన్ని ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పన్న తండ్రి గాలివానలో తెప్పతో సహా పోయాడు. అంతకు పది రోజుల ముందే ఆయన ఒంటిమీద చేప కనిపించడం మానేసిందట.

అందుకే ఉమ ఒంటిమీద చేప రావాలని మంగకి అంత ఆశ. చచ్చినవాడి చేప బిడ్డకి చేరదు. తోక ముక్క వచ్చినా చాలు, ఎల్లాజీ ఎక్కడో ఒకచోట ఊపిరి పీలుస్తున్నట్టే.

*

మంగది భావనపాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకి ఈ చేపంటే కాస్త కుళ్ళు ఉండేది. మొగుడి ఒళ్ళంతా అది ఏలుకుంటోంది, తను మాత్రం బయటి రక్తం, కోడలి ఒంటిమీదకి అది ఏ జన్మలోనూ రాదు. ఆ మాట పైకే అనేసింది ఒకసారి. ఎల్లాజీ నవ్వి, ఆ ఏడు కార్తీక పున్నమికి బారువలో సముద్రస్నానాల దగ్గర పచ్చబొట్లు పొడిచేవాడి ముందు కూర్చున్నాడు. చేతిమీద వద్దన్నాడు, వలతాడు రాసుకుని చెరిగిపోతుందట. మెడ కింద, ఎడమ పక్క ఎముక దగ్గర పొడవమన్నాడు. వాడు 'మంగ' అని రాయడం పూర్తి చేస్తుండగా వెనకనుంచి స్నానాల జనం తోశారు. సూది జారింది. ఆఖరి గీత పక్కకి సాగి, గాలం ముల్లులా వంగిపోయింది.

"నా పేరు గాలానికి తగిలించీసినాడు ముండా కొడుకు," అని మంగ దారి పొడుగునా తిట్టింది. లోపల మాత్రం సంబరపడింది. ఆ సంబరం మొగుడికి ఎప్పుడూ చెప్పలేదు.

2001 ఆగస్టులో, ఉమ మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు, ఎల్లాజీ ఇంకో ఏడుగురు బోటు కళాసీలతో కలిసి వీరావల్ బయల్దేరాడు. మంగ వద్దని ఏడ్చింది, అలిగింది, పలాస స్టేషన్ దాకా మాట్లాడకుండా వచ్చింది. అహ్మదాబాదు బండి ఆగాక ఆమె నోరు ఊరుకోలేదు.

"నీ ఒంటిమీద నాదంటూ ఒకటే ఉంది బావా, అదీ వంకరే. సేపకున్న ఇలవ నాకు నేదు."

"సేప దేశదిమ్మరిదే. ఈయాల ఇక్కడుంటాది, రేపెల్లిపోద్ది. నీ పేరెక్కడికీ ఎల్దు గదా, అదేటి తక్కువా?" అన్నాడు ఎల్లాజీ.

బండి కదిలింది. అతను చెయ్యి ఊపాడు. మంగ ఊపలేదు. చంకలో పిల్ల ఉందని తనకి తనే సాకు చెప్పుకుంది. కానీ పిల్ల ఒక చంకలోనే ఉంది, రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ చెయ్యి ఆమెని ఇప్పటికీ పొడుస్తూనే ఉంటుంది.

సంక్రాంతి దాటాక కబురొచ్చింది. బోటు రాత్రిపూట కొట్టుకుపోయి పాకిస్తాన్ నీళ్ళలో తేలిందట. ఎనిమిది మందినీ పట్టుకుని జైల్లో పెట్టారట. వాళ్ళు మనవాళ్ళేనని ఇక్కణ్ణుంచి రుజువు వెళితే వదులుతారట. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ గుర్తు రాసి పంపమన్నారు. పచ్చబొట్లు, కాలిన మచ్చలు ఎవరైనా తర్వాత తెచ్చిపెట్టుకోవచ్చు గనక చెల్లవట.

టెక్కలి ఆఫీసులో ఈ పని చూసే గుమస్తా గోవిందరావు నెమ్మదస్తుడు. అప్పన్న, మంగ తెచ్చిన మూడు కాగితాలు బల్లమీద వరసగా పెట్టుకున్నాడు. బడి కాగితంలో కుడి చెంప మీద మచ్చ అని ఉంది. మత్స్యకారుల సంఘం కార్డులో ఎడమ మణికట్టు మీద. వీరావల్ వెళ్ళేముందు రాయించిన దాంట్లో మెడ వెనక.

"ఎంతమంది ఎల్లాజీలమ్మా మీకు?"

"ఒకడే బావూ. సేప తిరుగుతాది," అంది మంగ.

"తిరగనీ, నాకేం అభ్యంతరం? మా మేనత్తగారి ఇంట్లో జుట్టుకి పౌర్ణమికోసారి రంగు మారుతుంది, ఎవరేం చేస్తారు? కానీ ఈ కాగితంలో గడి ఒకటే ఉంది."

గోవిందరావు ఆలోచించి ఆలోచించి, గుండ్రటి ముద్ర ఉందని బడి కాగితాన్నే నమ్మాడు. కుడి చెంప అని రాశాడు. ఎనిమిది నెలలకి జవాబొచ్చింది. ఏడుగురి గుర్తులు సరిపోయాయి. ఎల్లాజీ చెంప మీద మచ్చ లేదు. ఏడుగురూ ఇళ్ళకి చేరారు. ఆ ఇళ్ళల్లో మొక్కుకున్న మేకలు తెగాయి. మంగ ఆ రోజు కూడా గంప ఎత్తుకుని పాసింజరు ఎక్కింది. అమ్మలక్కలు పలకరిస్తే ఏడుపు ఆగదని తలుపు దగ్గర నిలబడే వెళ్ళింది.

తర్వాత ఎల్లాజీ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది, ఎవరిచేతో రాయించినది. బాగున్నానని, పాపకి చేప వచ్చిందా అని, తనది ఇప్పుడు ఎడమ మడమ మీద ఉందని. మంగ ఆ ఉత్తరం పట్టుకుని టెక్కలి పరిగెత్తింది. గోవిందరావు ఎడమ మడమ అని రాసి పంపాడు. ఉత్తరం సముద్రాలూ ఆఫీసులూ దాటి రావడానికే ఆరు నెలలు పట్టిందని ఇద్దరికీ తట్టలేదు. ఈసారి జవాబు ఇంకా పొట్టిగా వచ్చింది. మడమ మీద కూడా లేదు.

"ఇంకొక్క జాబితా ఉందమ్మా," అన్నాడు గోవిందరావు ఒక శనివారం. ఆమె మొహం చూడలేక కలం మూత తిప్పుతూ చెప్పాడు. "ఈసారి మన ఆఫీసర్లే వెళ్ళి కళ్ళతో చూసి వస్తారు. వచ్చే శుక్రవారం టపాలో కాగితం పోవాలి. ఇదీ తప్పిందా, మనవాడు కాడని ఫైలు మూసేస్తారు. అప్పుడు అతను ఏ దేశంవాడూ కాదు."

*

మర్నాడు ఆదివారం. ఉమకి నీళ్ళు పోస్తుంటే కుడి జబ్బ మీద పచ్చటి గీత ఒకటి కనిపించింది, గోరంత పొడుగున. మంగ పిల్లని వెలుతురులోకి తిప్పుకుంది. చేప నల్లగా ఉంటుంది గదా, ఇది పచ్చగా ఉంది. పైగా తోకలా లేదు, వంకరగా ఉంది. కొబ్బరినూనె రాసి రుద్దింది. పోలేదు.

అప్పన్న నులకమంచం మీంచి లేచి వచ్చి చూశాడు. ఆయనకి ఈ మధ్య కాళ్ళు పొంగుతున్నాయి. ఉద్దానంలో చాలామందికి ఉన్న కిడ్నీల జబ్బే అని ఊళ్ళో అందరూ తేల్చేశారు, డాక్టర్లే ఇంకా తేల్చలేదు.

"మల్లీ వొగ్గీసినావా పిల్లని?" అని పెళ్ళాం మీద ఎగిరాడు. "జీడిపిక్కలు కాల్సిన కాడ వొగ్గీసుంటావు. ఆ రసం తగిలీసింది. నాడు నా కొడుకుని పొయ్యికాడ వొగ్గీసి తొడ కాల్సీసినావు, ఈయాల మనవరాలు."

రత్నాలమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ నూనె రాసింది. ఎల్లాజీ తొడమీద చింతపిక్కంత కాలిన మచ్చ ఉంది. ఆరేళ్ళ వయసులో వచ్చింది. పిల్లాణ్ణి పొయ్యి దగ్గర వదల్లేదని ఆమె ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఎవరూ నమ్మలేదు. అత్తగారు నమ్మలేదు, మొగుడు నమ్మలేదు, పోనుపోను తనకే అనుమానం పట్టుకుంది, ఏమో, వదిలానేమో అని. ఇరవై రెండేళ్ళుగా ఆ మచ్చని మోస్తున్నది నిజానికి రత్నాలమ్మే.

సోమవారం ఊళ్ళో బడిలో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. విశాఖ నుంచి దుర్గాదేవి అనే డాక్టరమ్మ వచ్చింది, కిడ్నీల జబ్బు ఇళ్ళవెంట ఎందుకు పోతోందో చూడటానికి. అప్పన్న చొక్కా విప్పితే వీపు చూసింది. నాడి లెక్కపెట్టినంత మామూలుగా లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది.

"ఎనిమిది. ఒక్కదానికే తల ఉంది. మీ అబ్బాయికి నిండుది దిగిందా?"

"దిగింది డాక్టరమ్మా. మరి రగతమెందుకు తియ్యడం? నా యీపు సూత్తే తెలీదేటి?"

"వీపు మీద కనపడేవి కొన్నేనండీ. లోపల లక్షలున్నాయి," అంది దుర్గాదేవి సూది గుచ్చుతూ. "మీకే కాదు, నాక్కూడా. మనిషి లోపల తాతముత్తాతల నాటి రాత ఒకటుంటుంది. దాన్ని ఈ ఏడే మొదట్నుంచి చివరిదాకా చదివారు. తీరా చూస్తే అందులో సగం దాకా ఇలాంటి దిమ్మరులే. ఉన్నచోట నకలు తీసుకుని ఇంకోచోట దూరతాయి. తోకతో మొదలుపెడతాయి, చాలావాటికి తల చేరదు. కొన్నిసార్లు తలవైపు సగం తిరగబడి అతుక్కుంటుంది. కొన్నయితే తోక పక్కన ఏముంటే దాన్ని కూడా లాక్కుని పోతాయి. మాకు అదే ఆధారం. ఆ అతుకుని చూసి, ఇది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో కనిపెడతాం."

రత్నాలమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "పక్కనున్నది లాక్కుపోద్దా?"

"పోతుందమ్మా. తోకకంటే ముందు అదే దిగుతుంది."

రత్నాలమ్మ లేచి మొగుడి వెనక్కి వెళ్ళింది. అప్పన్న కుర్రతనంలో, చేపల వేటలో ఉండగా పెట్రోమాక్స్ దీపం ఒరిగి ఆయన వీపు కాలింది. చింతపిక్కంత మచ్చ. నిండు చేప తోక సరిగ్గా ఆ మచ్చని ఆనుకుని ఉంది. కొడుకు తొడనీ తండ్రి వీపునీ పక్కపక్కన పెట్టి చూడాలని ఇంతకాలం ఎవరికీ తోచలేదు.

"నీదేనయ్యా," అంది. "నీ మచ్చే నీ కొడుక్కి దిగినాది. ఇరవై రెండేల్లు నన్ను ఆడిపోసుకున్నావు. ఒలమ్మో, నేనే కాల్సీసినానని ఎన్ని రేత్రులు ఏడిసినాను!"

బడి వరండాలో ఉన్నవాళ్ళంతా చూస్తుండగానే ఆమె ఏడ్చింది. అప్పన్న చొక్కా తొడుక్కోవడం కూడా మరిచిపోయి, ఏం చెయ్యాలో తెలియక, పెళ్ళాం చేతిలోని దూది తీసుకుని తన సూదిపోటు మీద తనే అద్దుకున్నాడు.

మంగ ఈ గోలంతా వింటూనే ఉంది. వింటూనే ఉమ జబ్బ మీద పచ్చగీతని చూస్తోంది. పక్కనున్నది ముందు దిగుతుంది. పచ్చగా ఉంది. గాలం ముల్లులా వంగి ఉంది. అప్పుడు ఆమెకి కార్తీక పున్నమి జనం, జారిన సూది, దారి పొడుగునా తను తిట్టిన తిట్లు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"అత్తా," అంది, "ఇది నా పేరు తోకే. సేప బావ మెడకింద నా పేరు పక్కన ఉంది."

గీత కొస దగ్గర నల్లటి చుక్కలు రెండు అప్పటికే తేలాయి. తోక మొదలైంది. ఎల్లాజీ బతికే ఉన్నాడు. మంగ పిల్లని గట్టిగా హత్తుకుని నవ్వింది, రెండేళ్ళలో మొదటిసారి. ఆ నవ్వు చూసి ఉమకి భయమేసి ఏడుపు లంకించుకుంది.

*

బతికే ఉన్నాడు, సరే. కానీ శుక్రవారం కాగితం పోతే ఆఫీసర్లు జైలుకి చేరేసరికి నెలలు పడుతుంది. అప్పటిదాకా చేప అక్కడే ఉండాలి కదా. ఉమకి తలతో సహా నిండుగా దిగితేనే ఎల్లాజీది ఆగుతుంది. పిల్లకి తల రాకపోతే తండ్రి ఒంటిమీది చేప మళ్ళీ ఎటో పోతుంది, గడిలో రాసింది మళ్ళీ తప్పవుతుంది.

ఆ నాలుగు రోజులూ మంగ గంప ఎత్తలేదు. మంగళవారం తోక పూర్తిగా విచ్చుకుంది. బుధవారం పొట్ట, రెక్కలు వచ్చాయి. సాయంత్రానికి మొప్పల గీత తేలింది. వీధిలో ఆడవాళ్ళు నీళ్ళకి వెళ్తూ ఆగి, "ఎంతదాకా ఒచ్చిందే?" అని అడిగి పోయేవారు. గురువారం పొద్దున మొప్పల దగ్గర ఆగింది. మధ్యాహ్నానికీ అక్కడే ఉంది. చీకటి పడేవేళకీ అక్కడే. అప్పన్న తన వీపు మీద తలలేనివాటిని తలుచుకున్నాడేమో, అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మంగ దేవుళ్ళకి మొక్కలేదు. చేపనే బతిమాలింది. నిన్ను కుళ్ళుకున్నాను, తప్పయిపోయింది, ఒక్క తల తెచ్చుకో తల్లీ అని పిల్ల జబ్బకి దగ్గరగా నోరు పెట్టి గొణిగింది.

శుక్రవారం తెల్లారి నీళ్ళు పోయబోతే తల వచ్చి ఉంది. కానీ ముందుకి లేదు. మొప్పల దగ్గర మడత పడి, వెనక్కి తిరిగి, తన తోకవైపు చూస్తోంది.

అప్పన్న మనవరాలి జబ్బ మీద ఆ మడత వెంట వేలు పెట్టి తడిమాడు. "ఇలగ నేనెప్పుడూ సూడనేదు. మా తాత ఓపాలి సెప్పినాడు, తలెనక్కి తిరిగిన సేపొకటుండేదని. అది కదిలిందో నేదో సెప్పనేదు."

డాక్టరమ్మ తిరగబడి అతుక్కునేవీ ఉంటాయని చెప్పింది. అవి కదులుతాయా అని అప్పుడు ఎవరూ అడగలేదు. అడుగుదామంటే ఆమె జీపు కవిటి వైపు పోయి నాలుగు రోజులైంది. ఇది తల వచ్చినట్టా రానట్టా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మంగ పిల్లని చంకనేసుకుని పలాస పాసింజరు ఎక్కింది, అక్కణ్ణుంచి టెక్కలి బస్సు ఎక్కింది. దారంతా ఆ చేపనే చూస్తూ కూర్చుంది.

గోవిందరావు కళ్ళజోడు తుడుచుకుని ఉమ జబ్బ చూశాడు.

"మెడ కింద, ఎడమ పక్క, పచ్చబొట్టు అక్షరాలని ఆనుకుని. అంతేనా?"

"అంతే బావూ."

"కలం పెట్టేశాక మార్చడానికి లేదమ్మా. ఇదే ఆఖరు. మళ్ళీ కదిలితే?"

మంగకి పలాస ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది. కదిలే బండి, కిటికీలోంచి వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్న మనిషి, ఊపని తన చెయ్యి.

"కదల్దు," అంది. "ఇన్నేల్లూ ముందుకి సూసుకునే తిరిగినాది బావూ. ఇప్పుడెనక్కి సూత్తంది. ఎనక్కి సూసింది ఇంకెక్కడికీ ఎల్దు."

గోవిందరావు ఆమెనీ చేపనీ మార్చి మార్చి చూసి, గడిలో రాశాడు. అక్షరాలు పట్టక ఆఖరి మాట గీత దాటి బయటికి పోయింది. ఎప్పుడూ గీత దాటనివాడు, దాన్ని అలాగే ఉంచి ముద్ర వేశాడు.

*

మాఘమాసం పోయి జీడిపూత నిండుగా ఉన్న రోజుల్లో ఎల్లాజీ పలాస స్టేషన్లో దిగాడు. మనిషి సగమయ్యాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. అప్పన్న, రత్నాలమ్మ అతన్ని పట్టుకుని బావురుమన్నారు. మంగ ఏడవలేదు. ఎదురుగా వచ్చి నిలబడి, అందరిముందూ అతని చొక్కా పైగుండీలు విప్పసాగింది.

"ఏటే ఇది, జనం సూత్తన్నారు."

"సూడనీ."

చేప ఉంది. 'మంగ' పక్కన, వంకరగీతని తోకతో ఆనుకుని, తల వెనక్కి తిప్పి ఆ పేరువైపే చూస్తూ. మంగ వేలితో ముట్టుకుంది. ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేదు అతనికి.

"నువ్వు రాసిందాకా ఇదిక్కడున్నాదని నాకూ తెల్దు," అన్నాడు ఎల్లాజీ మెల్లిగా. "మెడకింద కదా, అద్దం లేందే అగపడదు. జైల్లో అద్దం నేదు. మడమ మీంచి ఎల్లిపోనాక ఒళ్ళంతా ఎతుక్కున్నాను. నన్నొగ్గీసిందనుకున్నాను, మా తాతనొగ్గీసినట్టు. ఇంక నా పనైపోయిందని తిండి కూడా మానీసినాను మంగా. ఆఫీసరొచ్చి కాయితం సూసుకుని సొక్కా ఇప్పమన్నాడు. ఇప్పినాను. అతగాడేటీ అనకముందే నేనే అడిగీసినాను, ఉందా బాబూ అని. ఉందన్నాడు."

అప్పుడు ఏడ్చింది మంగ. రెండున్నరేళ్ళది ఒక్కసారే ఏడ్చింది. ఏడుస్తూనే కుడిచెయ్యి పైకెత్తి అతని మొహం ముందు ఊపింది, పిచ్చిదానిలా, ఎదురుగా ఉన్న మనిషికి. చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. ఎల్లాజీకి అర్థమై తనూ చెయ్యి ఊపాడు.

ఉమ మాత్రం తల్లి కుచ్చిళ్ళు పట్టుకుని, ఈ గడ్డం మనిషి ఎవరో తెలియక, వెనకనుంచి తొంగి చూస్తోంది. ఎల్లాజీ ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. తనవాళ్ళన్నవాళ్ళు తన ముందు ఇలా గొంతుక్కూర్చుంటే ఏం చెయ్యాలో ఆ పిల్లకి ఒక్కటే తెలుసు. ఒక చేత్తో తల్లి చీర పట్టుకుని, పాదం ఎత్తి, అతని మోకాలి మీద పెట్టింది.

ఎల్లాజీ తలెత్తి మంగని చూశాడు. ఆమె ఊ అన్నట్టు తలాడించింది.

"ముందు సెవులెనక సూడాల," అంది.

అతను పిల్ల జుట్టు పక్కకి తీసి, చెవుల వెనకనుంచి వెతకడం మొదలుపెట్టాడు.